తబూక్ దారిలో తెల్లకోట్ల సిపాయిలు

2006 చలికాలం, సౌదీ. బురైదాలో బస్సు ఎనిమిదింటికన్నారు, ఎనిమిదింబావుకే కదిలింది. ఫిర్యాదు చేయదగ్గ ఆలస్యం కాదు. పక్క సీట్లో లింగయ్య, జగిత్యాల వైపు మేస్త్రీ, మా కంపెనీ మనిషే. తబూక్ సైట్‌లో వాళ్ళన్న మల్లేశం స్కాఫోల్డింగ్ మీంచి పడి చనిపోయాడు. శవాన్ని చూపించి రమ్మని మేనేజరు నన్ను తోడు పంపాడు.

“ఎగ్జిట్ వీసా ఇప్పియ్యి సారూ. అన్న పెట్టెతోని నేనూ ఇంటికి పోత. వదినకు మాటిచ్చిన,” అన్నాడు లింగయ్య. అడిగి చూస్తానన్నాను.

నేను చరిత్రలో ఎం.ఏ. పాతకాలపు ఫ్రెంచి పదాతి దళం మీద పరిశోధన మొదలుపెట్టి, ఆ అర్హతతో ఇక్కడ కూలీల హాజరు రాసే టైమ్‌కీపర్‌గా కుదిరాను. దారంతా ఇసుకే కాబట్టి పుస్తకం తెరిచాను. బొమ్మలో తెల్లకోట్ల సిపాయిలు భుజాలు ఆనించి మూడు వరుసల్లో నిలబడ్డారు. వీళ్ళెవరని అడిగాడు లింగయ్య. పల్లెటూళ్ళవాళ్ళను సారా పోసి, డబ్బాశ చూపి దళారులు పట్టుకొచ్చేవారని చెప్పాను.

“ఏజెంట్లు గప్పుడు గూడ ఉన్నరా?”

మధ్యాహ్నం హాయిల్‌లో ఆగాం. మాంసం కలిపి వండిన కబ్సా అన్నం పళ్ళెం ఇద్దరికి సరిపోయేంత ఉంది. లింగయ్య ముట్టలేదు. బొమ్మ గురించే అడిగాడు, ముందువాడు పడిపోతే ఏం చేస్తారని. వెనకవాడు ఆ చోట్లోకి వస్తాడన్నాను.

“పడ్డోన్ని ఎవలు ఎత్తుకపోతరు?”

ఎత్తడానికి ఎవరూ ఆగకూడదనీ, ఆగితే వెనకున్న సార్జెంటు బల్లెం కర్రతో నెట్టి వరుస సరిచేస్తాడనీ చెప్పాను. బస్సెక్కాక అతను పుస్తకం అడిగి తీసుకుని, బొమ్మలో ఆ సార్జెంటును వేలితో వెతికాడు.

రాత్రి తబూక్ చేరి కంపెనీ క్యాంపులో పడుకున్నాం. రెండు దుప్పట్లున్నా చలి ఆగలేదు. పొద్దున మార్చురీలో భీమవరం నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ముఖం మీది గుడ్డ తీసి, తల వంచి ప్రార్థన చేసుకుంది. లింగయ్య తన అన్న పాపిడిని చేత్తో సరిచేశాడు.

సైట్‌లో ఫోర్‌మన్ అతనికి మల్లేశం పనిముట్ల బెల్టు అందించాడు. ఎగ్జిట్ సంగతి అడగడానికి మేనేజరుకు ఫోన్ చేశాను. పెట్టెకు తోడెందుకు, అక్కడ మనిషి తక్కువ, లింగయ్యను ఉంచి రమ్మన్నాడు. మళ్ళీ అడిగాను. నా ఇకామా, అంటే ఇక్కడుండే పర్మిట్, ఎప్పుడు ముగుస్తుందని ఆరా తీశాడు.

ఇక్కడే ఉండిపోవాలన్న మాట లింగయ్యకు నేనే చెప్పాను. అతను బెల్టు కట్టుకుని, మధ్యాహ్నం హాజరుకు నిలబడ్డవాళ్ళ మధ్య ఖాళీగా ఉన్న చోట నిలబడ్డాడు.

“వరుస సక్కగైంది. నువ్వు పో సారూ.”

తిరుగు బస్సు సాయంత్రం దొరికింది. తబూక్ వెళ్ళేవారు స్వెటర్ మరిచిపోకండి. మిగతా ప్రయాణం సౌకర్యంగానే ఉంటుంది. పక్క సీటు ఖాళీ. దీపాలు ఆర్పేలోగా ఆ బొమ్మ మరోసారి చూశాను. సార్జెంటు ముఖం చిత్రకారుడు బాగా వేశాడు. అలసిపోయినట్టున్నాడు, మరీ చెడ్డవాడిలా లేడు.