లోపలి అరంగుళం

నా ప్యాంటు వెనక కుట్టు విడిపోయినప్పుడు కొట్లో ఉన్నది ఒక్క లెక్కల టీచరమ్మే. రిటైరైన మనిషి. గోడకు తగిలించిన అక్షరాల పలకలో ఆఖరి వరస కనిపించక అవస్థ పడుతోంది. కింద పడిన లెన్సు తీయడానికి నేను వంగాను. పర్రుమంది.

"ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోందండీ" అంది ఆవిడ.

కళ్ళద్దాల కొట్టు పెట్టుకున్నవాడికి అంతకు మించిన మెప్పు లేదు గాని, దాన్ని ఆస్వాదించే స్థితిలో నేను లేను. గోడకు వీపు ఆనించి, పీతలా పక్కకు జరుగుతూ పక్క కొట్లోకి వెళ్ళాను. అది టైలర్ కొట్టు. ఆ ప్యాంటు ముందురోజు సాయంత్రమే అక్కడి నుంచి వచ్చింది. పొడవు తగ్గించమని ఇచ్చాను. వెనక కుట్టు జోలికి వెళ్ళమని నేను గాని, నా ప్యాంటు గాని అడగలేదు.

"మాస్టారూ, ఏంటిది?"

ఆయన నన్ను భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి, పాత స్నేహితుణ్ణి చూసినట్టు కుట్టు వైపు చూశాడు. "లోపల ఉందా లేదా అని విప్పానండీ. ఉంది. నేను కుట్టిందేగా! మళ్ళీ కచ్చా కుట్టు వేశాను. మిషన్ కుట్టు వెయ్యడం మర్చిపోయినట్టున్నా."

"ఏముందా అని?"

"అరంగుళం."

మిషన్ వెనక నుంచి ఆయన బావమరిది తల ఎత్తకుండానే అందుకున్నాడు. "ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు విప్పి చూసేవాణ్ణి మాస్టరనరండీ అద్దాలాయనా. వేరే పేరుంది."

"నీ ప్యాంటు విప్పితే తెలుస్తుందిరా, లోపల ఏమీ లేదని" అన్నాడు మాస్టారు.

వాళ్ళిద్దరి మధ్య మాటలు ఎప్పుడూ ఆ ధోరణిలోనే ఉంటాయి. మా రెండు కొట్ల మధ్య గోడ చెక్కది. ఇన్నేళ్ళుగా వాళ్ళ పోట్లాట వింటూనే నేను జనానికి చూపు పరీక్ష చేస్తున్నాను.

ఆయన్ని వీధంతా 'అరంగుళం మాస్టారు' అంటుంది. ఏ బట్ట కుట్టినా లోపల కుట్టు పక్కన అరంగుళం గుడ్డ మిగిల్చి మడిచిపెడతాడు. రేపు మనిషి లావైతే విప్పి వదులు చేసుకోవడానికి. "కొలతలిచ్చేటప్పుడు ప్రతివాడూ పొట్ట లోపలికి పీలుస్తాడండీ. ఇంటికెళ్ళి వదుల్తాడు. వాడు వదిలేదాని కోసం నేనూ కాస్త వదలాలి కదా!" అనేవాడు. నా పొట్ట చూసి ఒకసారి ముప్పావంగుళం వదిలాడు. గౌరవం అనుకున్నాను, తర్వాత అర్థమైంది.

పని ఆయనకు మేనమామ నేర్పాడు. మొదట నేర్పింది కుట్టడం కాదు, విప్పడం. ఎవరో చెడగొట్టిన కోటు చేతికిచ్చి, గుడ్డకు గాయం కాకుండా కుట్లన్నీ విప్పమనేవాడట. సగం బ్లేడు వేళ్ళ మధ్య పెట్టుకుని, పోగు తర్వాత పోగు తెంపుతూ పోవాలి. విప్పడం వచ్చినవాడికే కుట్టు ఎక్కడ పడాలో తెలుస్తుందని మేనమామ సిద్ధాంతం. మిషన్ మీద కాలు పెట్టనివ్వకముందే ఆయన చేతులకు ఆ పని నిద్రలో కూడా వచ్చేసింది.

బావమరిది అక్క మొగుడి దగ్గర పని నేర్చుకుని అక్క మొగుడికే పాఠాలు చెప్పే రకం. హోటళ్ళకీ కాపలా కంపెనీలకీ యూనిఫాంలు గుత్తకు పట్టుకొచ్చాడు. కొట్టు నిలబడింది అతనివల్లనే, అబద్ధం ఆడకూడదు. కాని అతను అరంగుళం వదలడు. "యూనిఫాం బిగుతైతే వాళ్ళకి కొత్తది ఇస్తారు బావా. నీ అరంగుళం ఎవడిక్కావాలి?" అంటాడు. "గుడ్డ వాళ్ళదిరా. కత్తిరించి చెత్తబుట్టలో పారెయ్యడానికి నువ్వెవడివి?" అంటాడు ఈయన. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. వీళ్ళు ఒకే బల్ల మీద రెండు కత్తెరలు. ఆ పెద్ద కటింగ్ బల్ల మాత్రం మాస్టారిదే. సుద్దతో గీత గీసేదీ, గుడ్డకు కత్తెర పెట్టేదీ ఆయనే. బావమరిది మిషన్ దాటి ఇవతలికి రాకూడదు.

అలాంటి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. ముందు కుడి బొటనవేలు. తర్వాత సుద్దగీత. "బావ గీసింది చొక్కాకా, కాలవకా? వంకర్లు తిరిగి పారుతోంది" అన్నాడు బావమరిది, కస్టమర్ల ముందే. మాస్టారు ఆ రోజు తిరిగి ఏమీ అనలేదు. గోడ అవతల ఆ నిశ్శబ్దం నాకు అలవాటు లేక, చూపు పరీక్ష మధ్యలో ఆపి వెళ్ళి చూశాను. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, అల్లరి పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

పార్కిన్సన్స్ అన్నారు. మాత్రలిచ్చారు. కొన్ని వారాలకు డాక్టరమ్మ మోతాదు పెంచింది. ఓ ఉదయం మాస్టారు నా కొట్లోకి సూదీ దారం పట్టుకుని వచ్చి, నా కళ్ళ ముందు ఒక్క గుచ్చులో దారం ఎక్కించి, సూది నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సూదిని దారంతో సహా నా కౌంటర్ మీద, అద్దాలు పెట్టే చిన్న దిండుకు గుచ్చి ఉంచాను.

చేతులు తిరిగొచ్చాయి. వాటితో పాటు విప్పుడు కూడా వచ్చింది.

మొదట్లో బావమరిది కుట్టినవే విప్పేవాడు. "చూడండి అద్దాలాయనా, కుట్టు పక్కన పోగు కూడా మిగల్చలేదు దొంగవెధవ" అని తెచ్చి చూపించేవాడు. పాత పగ అనుకున్నాం అందరమూ. ఆయన కూడా అలాగే అనుకున్నాడు. పగకు న్యాయం తోడైతే మనిషికి అలుపు ఉండదు. తర్వాత తను కుట్టినవి విప్పడం మొదలుపెట్టాడు. నా ప్యాంటు ఆ విడతలోది.

హోటల్ యూనిఫాంలు ఇవ్వాల్సిన రోజున బావమరిది పొద్దున్నే కొట్టు తెరిస్తే, మాస్టారు అప్పటికే లోపల ఉన్నాడు. ఇస్త్రీ చేసి మడిచిపెట్టిన చొక్కాల్లో ఒక్కటీ చొక్కాగా లేదు. చేతులన్నీ ఒక దొంతర, కాలర్లు ఒక దొంతర, జేబులు ఒక దొంతర. ఎంత పొందికగా పేర్చాడో! గుడ్డకు ఎక్కడా గీటు పడలేదు. ఆయన టీ కూడా తాగకుండా, మెడ వాల్చి, ఆఖరి కాలరు పోగులు లాగుతున్నాడు.

ఆ అరుపుకు నా అద్దాల అరలు గలగల్లాడాయి.

"నామీద పగ ఉంటే నా కాలర్ పట్టుకో బావా! వాళ్ళ కాలర్లు ఏం చేశాయి?"

"అరంగుళం వదల్లేదురా నువ్వు."

"వదలను! చచ్చినా వదలను! నీకు చేతనైన కుట్టడం పోయి చెడగొట్టడం ఒక్కటే మిగిలింది. కుళ్ళు! నీ చెయ్యి వణికితే నా కుట్టు నిలవకూడదు, అంతేగా?"

"ఇప్పుడు నా చెయ్యి వణకట్లేదు. కావాలంటే నీ పీక మీద పెట్టి చూపిస్తా."

అక్క పరుగున వచ్చింది. ఆవిడది ఇద్దరినీ సమానంగా తిట్టే స్వభావం. తమ్ముడు ఆవిడ వైపు తిరిగాడు. "అక్కా, ఇంక చాలు. ఈ బల్ల దగ్గర ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి. నేను పోతే గిరాకీ నాతో వస్తుంది. ఆలోచించుకో."

"ఏమండీ, ఇంక ముట్టుకోనని చెప్పండి వాడికి" అంది ఆవిడ.

మాస్టారు నోరు తెరిచాడు. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఆ కాలరు పూర్తయ్యేదాకా ఆయన మాట ఇవ్వలేకపోయాడు. పగ పట్టినవాడు గొంతెత్తుతాడు, చెయ్యి ఎత్తుతాడు. ఈయన కళ్ళలో అవేవీ లేవు. దురద గోక్కుంటున్నవాడి మొహంలా ఉంది.

ఆ మధ్యాహ్నం ఆవిడ నా కొట్టుకు వచ్చింది. "అన్నయ్యగారూ, ఇంట్లో దిండు గలీబులు లేవు. పరదాల అంచులు లేవు. బ్లేడులన్నీ దాచేశాను, పిన్నీసుతో విప్పుతున్నారు. పిన్నీసులు దాచాను, గోరు పెంచారు. మా తమ్ముడి మీద పగైతే నా దిండు మీద ఎందుకండీ? రేపు డాక్టర్ దగ్గరికి మీరూ రండి. నేను చెప్తే మొగుడి మీద చాడీలు అంటారు."

మర్నాడు ఆస్పత్రి వరండాలో మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "లోపల ఏమీ అనకండి. మీకు దండం పెడతా."

"ఎందుకు మాస్టారూ?"

"చెప్తే ఈ మందు తీసేస్తారు. మందు తీసేస్తే చేతులు తీసేసినట్టే. బల్ల వాడిదైపోతుంది. వాడు గీత గీస్తుంటే నేను పక్కన కూర్చుని చూడాలి. అంతకంటే విప్పుకుంటూ పోవడం నయం."

నేను తల ఊపాను. ఏ వైపు ఊపానో నాకే తెలియదు.

డాక్టరమ్మ నడిపించి చూసింది, వేళ్ళు ఆడించమంది, ఆయన్ని పరీక్ష బల్ల మీద కూర్చోబెట్టి పక్కనే నిలబడింది. "చెయ్యి చక్కగా ఉంది. అలవాట్లలో ఏమైనా మార్పు వచ్చిందా? ఏదైనా పని మొదలుపెడితే ఆపలేకపోవడం లాంటిది?"

"అబ్బే, ఏమీ లేదు డాక్టరుగారూ. హాయిగా ఉన్నాను" అన్నాడు మాస్టారు, నిటారుగా కూర్చుని.

ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ మీది గుండె బొమ్మను చదవసాగాను. భార్య నోరు తెరవబోయింది. అవసరం లేకపోయింది. బల్ల మీద పరిచిన దుప్పటి అంచు ఆయన తొడ పక్క నుంచి నెమ్మదిగా జారి కింద పడింది. నీటుగా, ఒక్క పోగు చిరగకుండా, పట్టీలా. ఆయన మొహం డాక్టరమ్మ వైపే ఉంది. వేళ్ళు మాత్రం రెండో అంచు మొదలుపెట్టాయి.

మాస్టారు తల వంచి తన చేతుల్ని చూసుకున్నాడు. పరాయివాడి జేబులో దొరికిపోయిన చేతుల్ని చూసినట్టు.

"ఇది ప్రభుత్వ దుప్పటి" అన్నాడు చివరికి. "దీనికీ అరంగుళం వదల్లేదు."

డాక్టరమ్మ నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "ఇది మీ బుద్ధి కాదండీ, మందు. ఈ రకం మాత్రలు కొందరికి ఇలాంటి పట్టు తెస్తాయి. కొందరు పేకాట మానలేరు, కొందరు కొంటూనే ఉంటారు, కొందరు తింటూనే ఉంటారు. కొందరి చేతులు పాత పనిని పట్టుకుని వదలవు. మీరు విప్పుతున్నారు. చెప్పడానికి సిగ్గుపడి చాలామంది దాస్తారు."

"అంటే..." మాస్టారు కింద పడిన అంచును తీసుకున్నాడు. "అంటే వాడు అరంగుళం వదిలినట్టా?"

"మీ బావమరిది సంగతి నాకు తెలియదు" అంది ఆవిడ. "మాత్ర మాత్రం మారుస్తాను. కాస్త కాస్తగా తగ్గించుకుంటూ పోవాలి, మీ అంతట మీరు ఒక్కసారి మానెయ్యకూడదు. వణుకు కొంత తిరిగి రావచ్చు."

"ఎంత?"

"ముందే చెప్పలేను."

"కొలత లేకుండా నేను ఎప్పుడూ గుడ్డ కొయ్యలేదమ్మా" అన్నాడు. కాని చీటీ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. దుప్పటి అంచును కూడా మడిచి బల్ల మీద పెట్టాడు.

మందు మాట విని బావమరిది కరిగిపోయాడని మీరు అనుకుంటే అతను మీకు తెలియదు. "ఓహో, మందు విప్పిందా? అయితే హోటల్ మేనేజరుకు మందే వచ్చి క్షమాపణ చెప్తుందా? నేను రాత్రనకా పగలనకా మళ్ళీ కుట్టాను, నాకేం మందు ఉంది?" అన్నాడు. అదీ నిజమే. అతని కళ్ళు వాచి ఉన్నాయి. ఒక చవక రకం అద్దాలు నేనే ఇచ్చాను, తిట్టుకుంటూనే పెట్టుకున్నాడు.

నెలలు గడిచాక పరదాలకు అంచులు నిలిచాయి. నా ప్యాంట్లు నిలిచాయి. వణుకు తిరిగి వచ్చింది, పూర్తిగా కాదు గాని, సుద్దగీత నిలవనంత. బల్ల బావమరిది చేతికి వెళ్ళింది. మాస్టారు పక్కన స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, నోటితో కుట్టడం మొదలుపెట్టాడు.

"అక్కడ కాదురా. ఇవతలికి. అరంగుళం."

"నీ అరంగుళం నీ దగ్గరే పెట్టుకో బావా."

"చంక దగ్గర వంపు తియ్యి. అది చొక్కా, గోనెసంచి కాదు."

"నోటికి మాత్రలు లేవా ఎక్కడా?"

ఒకరోజు మాస్టారు నా కొట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. చంకలోంచి కొత్త చొక్కా తీశాడు. బావమరిది కోసి కుట్టింది.

"మా ఆవిడకు మాటిచ్చాను, విప్పనని. నేను విప్పను. మీరు విప్పండి. నేను చూస్తాను."

"మాస్టారూ, ఇది ఆ మందు పనేనా మళ్ళీ?"

"కాదు. ఇప్పుడు ఆపమంటే ఆపగలను." నిజంగానే చొక్కా నా కౌంటర్ మీద పెట్టి రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. వెనక అవి వణుకుతున్నట్టు భుజాలు చెబుతున్నాయి. "ఆపగలను గాని, చూడాలనుంది. రెండూ వేరే."

నేను లెన్సులు బిగించే చిన్న పనిముట్టుతో పక్క కుట్టు నాలుగు పోగులు తెంపాను. చాలా మొరటుగా. ఆయన పళ్ళు బిగించి ఊరుకున్నాడు. భూతద్దం అందించాను. వంగి చూశాడు.

లోపల గుడ్డ మిగిలి ఉంది. అరంగుళం కాదు. మడిచిపెట్టిన సన్నటి అంచు.

"పావంగుళం" అన్నాడు మాస్టారు. మొహం ఎర్రబడింది. కోపమో, మరేదో. "పావంగుళం! దొంగవెధవ, సగం దారిలో ఆగాడు!"

చెక్కగోడ అవతల మిషన్ ఆగింది.

"బావా! పక్కకొట్లో కూర్చుని నా చొక్కా విప్పిస్తున్నావా?"

"విప్పించకపోతే నీ పిసినారితనం తెలిసేదెలారా!"

"ఆ పావు కూడా నీకోసం కాదు. ఆ కస్టమర్ పొట్ట చూసి వదిలాను!"

మాస్టారు చొక్కా నా వైపు తోసి, వణికే చేత్తో నా కౌంటర్ మీది దిండు నుంచి ఆ పాత సూది తీసి, దారంతో సహా నా ముందు పెట్టాడు.

"మీరు తెంపినవి మీరే వెయ్యండి" అన్నాడు. "నేను చెప్తాను. ఆ, అలా కాదు. ఇంకాస్త ఇవతలికి."