అడక్కుండా తీసేసినవి

వేమూరు పక్క పల్లెలో ఇరవై ఏళ్లు నాట్ల ముఠాకు పెద్దగా ఉన్న రాజమ్మ, 2008 శ్రావణంలో, ముందురోజు నాటిన మడిలో వంగి నారంతా పీకి కట్టలు కట్టింది. అది నారుమడి అనుకుంది. రైతు గట్టు మీద నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. ముఠాలో ఆడవాళ్లు కల్లు తాగి వచ్చిందన్నారు. ఆదివారం చర్చి తప్పని ఆ మనిషి జన్మలో కల్లు ముట్టలేదు.

కూతురు సింధుకు ఒళ్లు మండిపోయింది. ముందు వాళ్ల మీద, తర్వాత తన మీద. ఏడాదిగా అమ్మ కూరలో రెండుసార్లు ఉప్పు వేస్తుంటే, మనవడి పేరు కోసం తడుముకుంటుంటే, తను విసుక్కుందే తప్ప ఆలోచించలేదు. యాభై ఒకటో ఏడు మతిపోయే వయసా?

సింధు బాధ సింధుకూ ఉంది. నెలలో సగం రోజులు రక్తస్రావం. వచ్చే సోమవారం తెనాలి నర్సింగ్ హోమ్‌లో గర్భసంచి తీయించుకోవాలని రాసిపెట్టారు. ఆ పల్లెలో అదేం వింత కాదు. ముప్పై దాటిన ఆడదాన్ని “ఇంకా తీయించుకోలేదా?” అని పలకరిస్తారు, చెవి కుట్టించుకోలేదా అన్నంత తేలిగ్గా.

శనివారం అమ్మను తెనాలిలోనే మెదడు డాక్టరు ప్రమీలారాణికి చూపించింది. పరీక్షలన్నీ చూసి, అల్జీమర్స్‌లా ఉందన్నారావిడ.

“అమ్మకి ముట్లు ఎప్పుడాగాయమ్మా?”

“ముప్పై ఒకటో ఏటండి. గర్భసంచి తీశారు.”

సింధు ఇచ్చిన ఆ ఆపరేషన్ పాత చీటీ చదివి డాక్టరమ్మ కళ్లజోడు తీసింది. “అండాశయాలు రెండూ కూడా తీసేశారు. ఈస్ట్రోజెన్ అనే హార్మోను అక్కడే తయారవుద్ది. అది పిల్లలకే కాదు, మెదడుకీ కావాలి. చిన్న వయసులోనే పోతే ఈ జబ్బు ముప్పు పెరగొచ్చని కొన్ని పరిశోధనలు చెప్తున్నాయి. మీ అమ్మకి దానివల్లే వచ్చిందని మాత్రం నేను అనలేను.”

“అప్పుడెవరూ చెప్పలేదండి.”

“ఆ హార్మోను మాత్రలేమైనా ఇచ్చారా?”

“బలానికి టానిక్ ఇచ్చారండి.”

టానిక్! ఆడదాని ఒళ్లు అత్తసొమ్మా, అల్లుడు దానం చేసేయడానికి? ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేని రాత్రులు మోసుకుంటూ ఆపరేషనైన నలభయ్యో రోజున మడిలో దిగింది రాజమ్మ. బలహీనత అన్నారు, నమ్మింది. తీసేసిన వాళ్లకు గుర్తయినా ఉండదు.

సోమవారం నర్సింగ్ హోమ్‌లో నర్సు కాగితం ముందుకు తోసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. సింధు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. అండాశయాలు అన్న మాట దగ్గర ఆగింది.

“వీటికి జబ్బుందా అండి?”

“లేదులే. ఎటూ పొట్ట కోస్తున్నాంగా, పనిలో పనిగా తీసేస్తారు. ఇద్దరు పిల్లలున్నారు, ఇంకెందుకమ్మా అవి?”

పక్క బల్ల మీద రాజమ్మ, కూతుర్ని ఎవరో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

“పిల్లలకి కాదండి, నాకు” అంది సింధు. “ముందు రక్తం ఎందుకు పోతందో చూసి మందివ్వండి. కొయ్యడం సంగతి తర్వాత.”

కలం మూత పెట్టి నర్సు చేతికిచ్చింది.