సుగుణ ఆంటీ కారులో దూరవిద్య

తడిసిన కోటు కారు హీటరు వేడికి ఆరుతుంటే వచ్చే ఉన్ని వాసన కొందరికి గిట్టదు. నాకు మాత్రం అది బడి వాసన. ఈ ఉదయం, ఐర్లాండ్‌లో నేనుండే ఎన్నిస్ ఊరి నుంచి పనికి వస్తుంటే మళ్లీ అదే వాసన, అద్దాల మీద అదే ఆవిరి. బండి నడుపుతున్నది నేనే అయినా, సుగుణ ఆంటీ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చున్నట్టే అనిపించింది.

ఆంటీది తెనాలి దగ్గరి పల్లె. షానన్ ఊరి వైపు ఒక వృద్ధుల నర్సింగ్ హోములో ఇద్దరం ముసలివాళ్లను కనిపెట్టుకునే కేరర్లుగా చేసేవాళ్లం. యాభై దాటాక ఆవిడ దూరవిద్యలో డిగ్రీకి చేరారు. నేనేమో పెళ్లి కుదిరిందని డిగ్రీ రెండో ఏట మానేసి, ఎవరడిగినా "డిగ్రీ అయింది" అని చెప్పుకు తిరిగేదాన్ని. ఆ అబద్ధం ఏనాడు బయటపడుతుందోనని లోపల గుబులే.

"నేను బండి నడుపుతా ఉంటా, నువ్వు పాఠం చదువమ్మాయ్. నా కళ్లు రోడ్డు మీద, చెవులు నీ దగ్గర" అనేవారు. ఆవిడ కారులో పనికి రానూపోనూ రోజూ చదివేదాన్ని. పొగమంచులో పొలాలూ ఆవులూ కలలోలా జారిపోయేవి. నా గొంతు నాకే ఎవరిదో అనిపించేది. ఒకరోజు "దేశాభివృద్ధిలో దూరవిద్య పాత్ర" అనే పాఠం వచ్చింది.

"ఏ దేశం ఆంటీ? మనదా, వీళ్లదా?" అన్నాను.

"ముందు మనం బాగుపడదాం. దేశాలు తర్వాత పంచుకుంటాయిలే."

రెండేళ్లయ్యాక ఓ సాయంత్రం మా ఇంటి ముందు కారు ఆపి, ఒక దరఖాస్తు నా ఒళ్లో పెట్టారు. "నీ డిగ్రీ సగంలో ఆగిందని నాకు తెలుసులే. పాఠాలన్నీ చదివింది నువ్వు. పరీక్ష నేనొక్కదాన్నే రాస్తే దేవుడు ఊరుకుంటాడా?"

సిగ్గుతో చచ్చిపోయాను. కోపమూ వచ్చింది. "ఈ వయసులో నాకెందుకాంటీ?" అన్నాను. ఆవిడ నాకంటే ఇరవై ఏళ్లు పెద్దని నోరు జారాక గుర్తొచ్చింది. ఆంటీ పగలబడి నవ్వి, ఇక్కడివాళ్లు 'భేష్' అన్నట్టుగా వాడే మాటతో, "గ్రాండ్! సంతకం పెట్టు" అన్నారు. పెట్టాను.

కొన్నేళ్లకు నేను అన్ని పేపర్లూ పాసయ్యాను. ఆంటీకి గణాంకశాస్త్రం కొరకరాని కొయ్య అయింది. ఆ ఒక్క పేపరూ మిగిలి ఉండగానే జబ్బు చేసి పోయారు. పట్టా అందుకున్న రోజు నాకు సంతోషం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది.

ఇప్పుడెవరైనా ఏం చదివారని అడిగితే "దూరవిద్యలో డిగ్రీ" అని నిజమే చెబుతాను. నాకంటే ముందు చేరి, పూర్తి చేయకుండానే వెళ్లిపోయిన మనిషి నన్ను చదివించిందని, అడగకపోయినా చెబుతాను.