గుడ్ ఫ్రైడే నాటి యాంప్లిఫయర్

నాన్న రిపేరు చేసిచ్చాడని మా కాలనీ అంతా అనుకునే మిక్సీల్లో, ఎమర్జెన్సీ లైట్లలో, టీవీ రిమోట్లలో సోల్డర్ పెట్టింది నేను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే అలవాటున్నా, అందులో కూడా రాయలేదు.

నాన్న బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచే మణుగూరులో మా చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏది పాడైనా మా వరండాలోకే వచ్చేది. రిటైరయ్యాక అదే ఆయన డ్యూటీ అయింది. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవాడు. కొన్నాళ్లకు కుడి చెయ్యి వణకడం మొదలైంది. స్కూటర్ పనికి అది అంతగా అడ్డు రాలేదు. పానా గట్టిగా పట్టుకుంటే చెయ్యి దానంతటదే కుదురుకునేది. తన పాత స్కూటర్ కార్బురేటర్‌ను ఇప్పటికీ ఆయనే విప్పి కడుగుతాడు. సర్క్యూట్ బోర్డు మీద మాత్రం సోల్డరింగ్ ఐరన్ మొన నిలవదు. ఒక చుక్క పెడితే పక్క చుక్కకు అంటుకుంటుంది.

ఒకరోజు ఐరన్ పిడిని నా వైపు తిప్పి పెట్టాడు. అప్పటి నుంచి వచ్చినవాళ్లతో మాట్లాడేది, లోపం ఎక్కడుందో పట్టుకునేది ఆయన. లోపలి గదిలో కూర్చుని అతికేది నేను. మనుషులతో మాట్లాడే అవసరం లేదు కాబట్టి నాకది బాగానే ఉండేది. ముందు బ్రష్‌తో బొగ్గు పొడి దులపాలి. మా ఊళ్లో ఏ డబ్బా విప్పినా లోపల నల్లగానే ఉంటుంది. ఐరన్ వేడెక్కేలోపు ఏదో ఒక పుస్తకంలో ఓ పేజీ చదువుకునేదాన్ని. చెయ్యి సంగతి తెలిస్తే జనం వస్తువులు తేవడం మానేస్తారని నాన్న భయం. తేవడం మానేస్తే ఆయన పొద్దున్నే ఆ చొక్కా దేనికోసం వేసుకుంటాడని నా భయం.

మొన్నటి గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో మధ్యాహ్నపు ఆరాధన మొదలైంది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. రెండో ఆయన మాట్లాడుతుండగా స్పీకర్లు గరగరమని ఆగిపోయాయి. ఫ్యాన్ల చప్పుడులో మైకు లేకపోతే వెనక చాపల దాకా మాట రాదు.

సంఘ పెద్ద లేచాడు. "నేను అప్పుడే అన్న. ఈ డబ్బా పారేసి కొత్తది తెద్దామంటే వింటిరా? ఈయనేమో ఇంకా పదేండ్లు నడుస్తదనె."

"నడుస్తది" అన్నాడు నాన్న, మగవాళ్ల వైపు నుంచి లేస్తూ.

"ఏడ నడుస్తది? నిలవడ్డది గదా!"

"నీ మోకాళ్లు గూడ నిలవడ్డయ్. నిన్ను పారేసినమా?"

అందరూ నవ్వారు. పాస్టరు అయ్యగారు పాట ఎత్తుకోమన్నారు. పాట నడుస్తుండగా నాన్న స్కూటర్ డిక్కీలోంచి సామాన్ల సంచి తెచ్చి, వేదిక పక్కనే యాంప్లిఫయర్ మూత విప్పాడు. పెన్సిల్‌తో బోర్డు మీద ఒక్కోచోట మెల్లగా కొడుతూ పోయాడు. ఒకచోట కొట్టగానే స్పీకర్ ఠప్‌మంది. అతుకు అక్కడ పగిలింది. యాంప్లిఫయర్ ప్లగ్గు పీకి ఐరన్ ప్లగ్గు పెట్టాడు. వేడెక్కాక చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ కింద పెట్టాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

ఆడవాళ్ల చాపల్లో చివరన కూర్చున్న నాకు అర్థమైంది, పిలుస్తాడని. పిలవకపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

"బిడ్డా, ఇట్ల రా. కండ్లద్దాలు ఇంటికాడ మర్చిపోయిన. నేను చెప్త, నువ్వు పెట్టు."

అద్దాలు ఆయన చొక్కా జేబులోనే ఉన్నాయి.

ఆ చర్చిలో నేను ఏనాడూ నిలబడి ఒక్క వాక్యమైనా చదవలేదు. అంతమంది మధ్య నుంచి ఎలా నడిచానో గుర్తు లేదు. కూర్చుని వంగగానే తల మీది చున్నీ జారి ఐరన్ మీదికి వచ్చింది. తీసేద్దామంటే, ఆరాధన మధ్యలో ముసుగు తీసేవాళ్లు మాలో ఎవరూ లేరు. మా వెనక వరస క్వార్టర్‌లో ఉండే పెద్దమ్మ ముందు చాప మీద నుంచి లేచి వచ్చింది. నా వెనక నిలబడి చున్నీ రెండు కొసలూ ఎత్తి పట్టుకుంది.

"కానియ్. ముసుగు నేను జూస్కుంట."

"పేస్ట్ పెట్టు" అన్నాడు నాన్న. "ఆఁ, ఇప్పుడు ఐరన్ ఆనియ్. ఇగ సోల్డర్ తీగ."

ఆయన చెప్పేలోపే నా చెయ్యి ముందుకు పోతోంది. అది గమనించి కావాలని నెమ్మదించాను. సోల్డర్ సరిగా కరగక అతుకు మసకగా వచ్చింది. అలాంటిది నాలుగు రోజులు కూడా నిలవదు. తీసేసి మళ్లీ పెట్టాను, ఈసారి ఆయన మాట కోసం ఆగలేదు. చుక్క మెరుస్తూ కూర్చుంది. నాన్న మధ్యలోనే చెప్పడం ఆపేశాడు.

యాంప్లిఫయర్ ప్లగ్గు మళ్లీ పెట్టగానే మైకు పలికింది. సంఘ పెద్ద "హలో, హలో" అని చూసి నాన్న వైపు తిరిగాడు. "నీ బిడ్డ నడిపించిందిపో."

"నేను చెప్పినట్టు చేసింది" అన్నాడు నాన్న, నా వంక చూస్తూ.

తలూపాను.

ఆరాధన అయ్యాక బయట ఎండలో చెప్పులు కాలుతున్నాయి. నాన్న స్కూటర్ దగ్గర నిలబడి ఎవరికో నీళ్ల మోటార్ గురించి ఎడమ చేత్తో చూపిస్తూ చెబుతున్నాడు. ఆ అడిగినాయన శ్రద్ధగానే వింటున్నాడు. ఇంకెంతమందికి అనుమానం వచ్చి ఉంటుందా అని నేను మెట్ల మీద ముఖాలు చూస్తున్నాను. పెద్దమ్మ నా పక్కకు వచ్చి, కాలితో తన చెప్పు వెతుక్కుంటూ, నా వైపు చూడకుండానే మెల్లగా అంది:

"రేపు మా మిక్సీ తెస్త. మీ నాయిన చేతికే ఇస్త, ఆయనతోనే మాట్లాడత. నువ్వు మాత్రం పోయినేడు మా రేడియోకు పెట్టినట్టే గట్టిగ పెట్టు బిడ్డా."