నాన్న ఏడ్చారా, అరిచారా?

ఆ రోజుల్లో మా ఇంట్లో పేపరంటే ఒక్కటే పేపరు. లోకంలో ఇంకో పేపరు కూడా ఉందని తెలుసు గానీ, అది పక్కింటివాళ్ల కూర లాంటిదనీ, మనం రుచి చూడనక్కర్లేదనీ అనుకునేవాళ్లం. ఉయ్యూరు దగ్గర మా ఊళ్లో నాన్న చర్చి సంఘానికి పెద్ద, కాలవ శివారున కాస్త వరి పొలం ఉన్న రైతు. పొద్దున్నే ప్రార్థన అయ్యాక బైబిల్ మూసి, అదే గొంతుతో, అదే రాగంతో పేపరు చదివి వినిపించేవారు. (దాంతో సువార్త ఎక్కడ ముగిసిందో, సంపాదకీయం ఎక్కడ మొదలైందో నాకు చాలాకాలం తేలలేదు.) అచ్చయిన మాట అబద్ధం కావచ్చన్న అనుమానం మా వంశంలో ఎవరికీ వచ్చినట్టు లేదు.

అలాంటి ఇంట్లోంచి విజయవాడ వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్లో బిల్లులు రాసే ఉద్యోగానికి వచ్చిపడ్డాను. ఆ ఏడు మా శివారుకి కాలవ నీళ్లు అందలేదు. పైన కాలవ నిండా గుర్రపుడెక్క కలుపు పేరుకుపోయి, మా నారుమళ్లు ఎండు మొహం పట్టాయి. మంత్రిగారు ఉయ్యూరులో సభ పెడుతున్నారని తెలిసి నాన్న ఒక్క మాట సిద్ధం చేసుకున్నారు. ఆదివారం నేను ఇంటికెళ్తే అమ్మని మంత్రిగా కుర్చీలో కూర్చోబెట్టి సాధన చేస్తున్నారు. "అయ్యా, మా శివారుకి నీళ్లు రావట్లేదండీ. నారు పోతోంది. కాలవలో గుర్రపుడెక్క తీయించండి." మంత్రిగారు వంకాయలు తరుగుతూనే "తీయిస్తాంలెండి" అని హామీ ఇచ్చేశారు.

సభ రోజు సాయంత్రం నేను కొట్లో ఉన్నాను. మా ఓనరుగారిది ఒక పార్టీ, ఎదురుకొట్టు నడిపే ఆయన తోడల్లుడిది ఇంకో పార్టీ. ఇద్దరి కొట్లలోనూ టీవీలు పొద్దస్తమానం మోగుతూనే ఉంటాయి, ఎవరి చానల్ వాళ్లది, ఒకరికి వినబడాలని మరొకరు సౌండు పెంచుతూ. ఉన్నట్టుండి మా టీవీలో మా నాన్న! కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు. కింద పెద్ద అక్షరాలు: 'మంత్రిని చూసి రైతు ఆనందబాష్పాలు'. అమ్మమ్మ పోయినప్పుడు కూడా కళ్లు తడవని మనిషి, మంత్రిని చూసి ఏడవటమా! నోరు తెరుచుకుని అటు తిరిగితే ఎదురుకొట్టు టీవీలోనూ నాన్నే. చెయ్యి పైకెత్తి, మెడ నరాలు ఉబ్బి. కింద: 'మంత్రిపై నిప్పులు చెరిగిన రైతన్న'. రెండు చోట్లా ఆయన పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం వినబడదు. ఆయన గొంతు మీద ఎవరో అమ్మాయి గొంతు గలగలా సాగిపోతోంది. నడివీధిలోకి దిగి, తోపుడుబండికీ ఆటోకీ మధ్య నిలబడి, మా నాన్నని ఇటొకసారి అటొకసారి చూస్తూ ఉండిపోయాను.

"ఏంటయ్యా అట్టా బిగుసుకుపోయావ్?" అన్నారు ఓనరుగారు.

"ఆయన మా నాన్నగారండీ."

ఓనరుగారి మొహం వెలిగిపోయింది. "అబ్బ, మనవాడే!" అన్నారు. ఎదురుకొట్లోంచి తోడల్లుడు కేక వేశాడు. "మీవాడేంటి అన్నయ్యా? చూడు, ఎట్టా కడిగేశాడో! మావాడు!" నాన్న ఎవరివాడో తేలక ఇద్దరూ వాదులాడుకుంటుంటే నేను పర్మిషన్ అడిగి బస్సెక్కాను.

ఇంట్లో టీవీ ముందు సంఘంవాళ్లంతా కూర్చుని ఉన్నారు. తన మాట టీవీలో వస్తుందని నాన్నే పిలిచారట. మధ్యలో ఆయన, తల దువ్వుకుని, తెల్ల చొక్కాలో, రాయిలా. "నాన్నా, ఏడ్చారా? అరిచారా?" అన్నాను.

"దుమ్మురా," అన్నారు నాన్న, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు. "కార్లన్నీ ఒక్కసారి వచ్చేసరికి కంట్లో పడింది. చెయ్యెత్తింది కాలవ ఎటుందో చూపిద్దామని."

"మరి గుర్రపుడెక్క?"

"చెప్పానురా. మైకులో, అందరి ముందూ చెప్పాను." టీవీ వైపే చూస్తూ, "పేపర్లో వేస్తార్లే. మన పేపరు అట్టా వదిలెయ్యదు," అన్నారు.

మర్నాడు ప్రార్థన కూడా కాకుండానే పేపరు విప్పారు. ఆనందబాష్పాలు ఈసారి రంగుల్లో పడ్డాయి. వార్త మొత్తం రెండుసార్లు చదివారు, నీళ్ల సంగతి ఎక్కడైనా దూరి ఉందేమోనని. లేదు. జీవితంలో మొదటిసారి నన్ను పంపించి రెండో పేపరు తెప్పించారు. అందులో నిప్పులున్నాయి గానీ నీళ్లు లేవు. నాన్న రెండు పేపర్లూ మడిచి పక్కన పెట్టి, ఇంట్లో దొంగలు పడ్డట్టు చూశారు. నాకు ఏడుపొచ్చింది. నవ్వూ వచ్చింది, దాచుకున్నాను. చివరికి నాన్నా, ఊళ్లో మరికొందరూ మొలలోతు కాలవలో దిగి, చేతికందినంత మేర ఆ గుర్రపుడెక్క తామే పీకారు. నారు సగం దక్కింది. ఆ వార్త ఏ పేపర్లోనూ రాలేదు.

ఆ తర్వాత ఏళ్ల తరబడి నేను రెండు పేపర్లూ కొంటూ, రెండు చానళ్లూ తిప్పుతూ, అందరికీ పాఠాలు చెబుతూ బతికాను. ఎవరు ఎటు వంగి ఉన్నారో నాకు ఇట్టే తెలిసిపోతుందని గొప్ప నమ్మకం. మొన్నీమధ్య బెంజి సర్కిల్ దగ్గర ఒక చానల్ కుర్రాడు మైకు నా మొహం మీద పెట్టి, "ప్రభుత్వ పాలన ఎలా ఉందండీ?" అన్నాడు. మా వీధి మురుగుకాలవ గురించి చక్కగా, నెమ్మదిగా చెప్పాను. ఇంటికొచ్చి స్నానం చేసి, తల దువ్వుకుని, తెనాలి చుట్టాలకి కూడా ఫోన్ చేసి చెప్పి, టీవీ ముందు కూర్చున్నాను. అవును, అన్నీ తెలిసిన నేనే! వార్తల్లో నేను తల ఊపాను. అంతే. ఏ మాటకి ఊపానని చూపించారో చెబితే మీరు నవ్వుతారు. నిజంగా నిర్ఘాంతపోయాను, అదే మొదటిసారి అన్నట్టు.

టీవీ కట్టేసి కూర్చుంటే మా అమ్మాయి పక్కకొచ్చి, "నాన్నా, ఇంతకీ నువ్వు ఏం చెప్పావు?" అంది. ఆ మాట నన్ను అడిగింది అదొక్కతే. గొంతు సవరించుకుని మొదటి నుంచీ చెప్పాను.