ట్యాంకు మావయ్య ఇంటి ఫినాయిలు

వీధిలో అందరూ ట్యాంకు మావయ్య అని పిలిచే అతను ముప్పై ఏళ్లుగా ఇళ్ల సెప్టిక్ ట్యాంకులు తోడుతున్నాడు. మూత తీసి ఒక్కసారి గాలి ఎగబీల్చాడంటే ఆ ఇంటి గుట్టు చెప్పేస్తాడు. ఆ రోజు టీచరమ్మ ఇంట్లో మూత తీయగానే మండిపడ్డాడు.

"రోజూ సీసాడు ఫినాయిలు పోస్తున్నారు కదూ?"

"శుభ్రంగా ఉండాలని పోస్తున్నానండీ," అంది టీచరమ్మ.

"అదేనమ్మా కొంప ముంచింది! లోపల కంటికి కనపడని పురుగులుంటాయి. మనం వదిలిందంతా తిని అరిగించేది అవే. జీతం అడగవు, సెలవు పెట్టవు. వాటి నోట్లో మందు పోస్తే ట్యాంకు నిండక ఏం చేస్తుంది?"

టీచరమ్మ బుద్ధిగా తలూపింది. మావయ్య గెలిచినవాడిలా ఇంటికొచ్చి స్నానం చేశాడు. అతను స్నానాల గదిలోంచి బయటికి రాగానే భార్య ముక్కు మూసుకుని లోపలికెళ్లి, ఎప్పటిలాగే రెండు సీసాల ఫినాయిలు గుమ్మరించింది. మావయ్య నోరు తెరిచాడు.

"ఏంటి?" అంది ఆమె.

"ఏం లేదు. రేపటికి సీసాలున్నాయా, తెమ్మంటావా?"

శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, వీధిలో ఏటేటా నిండే ట్యాంకు అతనిదొక్కటే. దాన్ని తోడేదీ అతనే. అది తోడిన రోజు మాత్రం ఆమె మూడు సీసాలు పోస్తుంది.