దండగ వదిన మైదా జిగురు

మా వదిన ఏదీ కొనదు.

అదేదో పొదుపు అనుకునేవాళ్లని ఒక్క వారం మా ఇంట్లో కాపురం ఉండమనండి. మా ఆయనకి అక్కగారైన ఈ మహాతల్లి కాగితం పూలు చేస్తుంది. ఆ పూలకి కావలసిన కాగితం, కాడ, రంగు, జిగురు అన్నీ మా ఇంట్లోనే పుట్టాలి. బజారు నుంచి గుండుసూది కూడా రాకూడదు. కొందామా అని ఎవరైనా నోరు జారితే చాలు, "దండగ!" అంటుంది. పొద్దున్న లేచింది మొదలు ఆ మాట విని విని వీధివాళ్లంతా ఆమెకి దండగ వదిన అనే పేరు ఖాయం చేశారు. పెళ్లెందుకు చేసుకోలేదని ఒకసారి అడిగాను.

"ఇంట్లో ఉన్నవాటితో అయ్యే పనైతే చేసుకునేదాన్నే" అంది.

పూల కాడలకి చీపురు పుల్లలు వాడుతుంది. ఎవరి చీపురు? నాది. కొత్త చీపురు ఇంట్లో అడుగుపెట్టిన మర్నాటి నుంచే బక్కచిక్కడం మొదలుపెడుతుంది. వారం తిరిగేసరికి నా చేతిలో కట్టుతాడు, దాంట్లో వేలాడే నాలుగు పుల్లలు మిగులుతాయి.

"వదినా, ఇల్లు దేంతో ఊడవమంటావు?"

"చెత్త పడకుండా చూసుకో."

"చెత్త వేసేది నువ్వే కదా!"

"అది చెత్త కాదమ్మా మరదలా, ముడిసరుకు."

గులాబీల రంగు కోసం బీట్‌రూట్ ఉడికించి ఆ నీళ్లు తీసుకుంటుంది. పాలిపోయిన దుంపలు మా కంచాల్లోకి వస్తాయి. ఉల్లిపాయ తొక్కలు పసుపుపచ్చ పూలకి, తాగగా మిగిలిన టీ ఎండుటాకులకి. మిగలకపోతే తాగుతున్న కప్పు లాక్కుంటుంది. ఇక జిగురంటారా, మైదాపిండి నీళ్లలో ఉడికించి గిన్నెడు చేసి పెట్టుకుంటుంది. రెండో రోజుకి అది పులుస్తుంది. ఆ వాసనకి చుట్టుపక్కల బొద్దింకలన్నీ మాతో చుట్టరికం కలుపుకున్నాయి.

కాగితం సంగతి చెబితే నా కడుపు మండుతుంది. బల్లమీద ఒక పూట ఉన్న కాగితం ఏదైనా సరే మర్నాటికి పువ్వైపోతుంది. ఒకసారి కరెంటు బిల్లు కనబడలేదు. ఇల్లంతా వెతికితే చివరికి కూజాలో దొరికింది, గులాబీ రూపంలో. చేసేది లేక దాన్నే పట్టుకుని కరెంటాఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఉన్నాయన చేతికి గులాబీ అందించేసరికి చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఏంటండీ ఇది?"

"మా బిల్లండీ. నంబరు మూడో రేకు మీద ఉంది."

నా వెనక లైనంతా గొల్లుమంది. ఇంటికొచ్చి మా ఆయనతో మొత్తుకుంటే, "మా అక్క అంతే" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు కూడా సాయంత్రానికి బంతిపూలైంది. నాకు అదొక్కటే తృప్తి.

పోనీ ఇంత చేసి ఆ పూలైనా బాగుంటాయా అంటే అదీ లేదు. అన్నీ వంకరే. రేకులు ఒకవైపుకి ఒరిగి ఉంటాయి, జిగురు పట్టీపట్టక అంచులు లేచిపోతాయి. వాటిని కొనే గిఫ్టుల కొట్టాయన మొహం చిట్లించుకుని వెనక అరలో పెడతాడు. నేనేదైనా అంటే వదిన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

"వంకరైతే ఏం? తేనెటీగలొచ్చి కొలుస్తాయా?"

మొదటినుంచీ ఇలా ఉంటే నా తలరాత అని సరిపెట్టుకునేదాన్ని. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఈ ఇంట్లోకి ముడత కాగితం, సన్నటి తీగ, సీసా జిగురు అన్నీ కొట్టునుంచే వచ్చేవి. అప్పుడు పూలు చేసేది మా అత్తయ్య. మామగారు పోయాక ఆ పూలతోనే ఇద్దరు పిల్లల్ని పెంచింది. వదినకి పని నేర్పిందీ ఆవిడే. తర్వాత అత్తయ్య కుడిచేతికి వణుకు పట్టుకుంది. ఒకరోజు చేతిలో రేకు చిరిగిపోతే కత్తెర విసిరేసి, వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, పలుకు లేదు. మనిషి మాకు దక్కదనుకున్నాం. ఎలాగో లేచింది. డాక్టరు మందు పనిచేసిందని మా ఆయన అంటాడు, నా చాకిరీ పనిచేసిందని నేనంటాను. వదినకి పిసినారి దెయ్యం పట్టిందీ ఆ రోజుల్లోనే.

లేచిన దగ్గర్నుంచి అత్తయ్య రోజూ బల్ల దగ్గర కూర్చుని పూలు చుడుతుంది. అవీ వంకర, వదినవీ వంకర. ఒక బుట్టలో పోస్తే ఏవి ఎవరివో దేవుడు కూడా చెప్పలేడు. చుడుతున్నంతసేపూ కూతుర్ని దులిపేస్తుంది.

"పిసినారి పీనుగా! ఒక్క సీసా జిగురు కొంటే నీ ఆస్తులు కరిగిపోతాయా? నా చేతిలో పువ్వు ఎలా ఉండేదే! ఈ మైదా గంజితో బ్రహ్మదేవుడు చేసినా ఇంతే!"

"దండగమ్మా" అంటుంది వదిన తల ఎత్తకుండా.

ఆ తిట్లలో నేనూ ఓ చెయ్యి వేసేదాన్ని. అత్తాకోడళ్లం ఏకమైన విషయం మా ఇంట్లో ఇదొక్కటే.

ఇలా ఉండగా ఒకరోజు కొట్టాయన పెద్ద సంచీ మోసుకుని వచ్చాడు. ఏదో హోటల్ వాళ్లకి హాలు నిండా గులాబీలు కావాలట. సంచీలో పట్టులాంటి ముడత కాగితం, తీగ చుట్టలు, సీసా జిగురు ఉన్నాయి.

"సరుకు నాదే, వంకలు పెట్టడానికి లేదు. పెద్దమ్మగారి పాత పనితనం కనబడాలి" అన్నాడు.

అత్తయ్య మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకి మనిషి తాకే సరుకొచ్చింది. రేపు కూర్చుంటాను, చూడండి నా చెయ్యి!" అంది. నేను సంబరంగా ఆ సీసాని దీపానికి పట్టి చూశాను. వదిన మాత్రం ఆ సంచీ వైపే చూస్తూ నిలబడింది. దండగ అని కూడా అనలేదు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీస్తోంది. ఆరిన బట్టలు పట్టుకుని నేను తల్లీకూతుళ్ల గది పక్కనుంచి వెళుతున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపల వదిన ముడత కాగితం కత్తిరించి, బొటనవేళ్లతో లాగి, ఒక్కో రేకూ తీగకి చుడుతోంది. చూస్తుండగానే గులాబీ తయారైంది. నేను వాసన చూడబోయి ఆగాను, అంత బాగుంది. వదిన దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది, పడుకున్న తల్లివైపు చూసింది, తర్వాత రేకులన్నిటినీ బొటనవేలితో ఒకవైపుకి వంచేసింది. సీసా మూత తీసి, జిగురంతా డబ్బాలోకి ఒంపి, ఆ సీసాలోకి పులిసిన మైదా గంజి గరాటుతో పోయడం మొదలుపెట్టింది.

"వదినా! ఏం చేస్తున్నావు?"

"అరవకు" అంది గుసగుసగా. "అమ్మ లేస్తుంది."

"ఇంతమంచి జిగురు..."

"మంచిదే, అదే తంటా. మైదా జిగురైతే తిట్లు పడుతుంది. ఈ సీసాని ఏమని తిడుతుంది? ఇవాళ రేకు వంకరపోతే, అమ్మకి తిట్టడానికి తన చెయ్యి తప్ప ఏముంటుంది? మళ్లీ గోడవైపు తిరిగితే ఈసారి లేపడం నావల్ల కాదు."

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్లూ తల్లి చేత, నా చేత చీవాట్లు తింటూ ఒక్క ముక్క బయటపెట్టని మనిషి మీద కోపం. తర్వాత బల్లమీద ఆ వంచిన గులాబీ కనబడింది. అంత పని తెలిసిన చెయ్యి రోజూ కూర్చుని కావాలని చెడగొట్టుకుంటోంది.

"నాకైనా చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు తిట్టడం మానేస్తావు. నువ్వు మానేస్తే అమ్మకి అనుమానం వస్తుంది."

బట్టలు మంచమ్మీద పడేసి పక్కన కూర్చున్నాను.

"మరి కాగితమో?"

"నీళ్లు చల్లి ఆరబెడితే ముడత పోతుంది. ఇక ఎవరు లాగినా సాగదు. తీగ సంగతే తెలీడం లేదు."

తీగ చుట్టలు కొంగులో వేసుకుని లేచాను.

సాయంత్రం అత్తయ్య బల్ల దగ్గర కూర్చుంది. మొదటి పువ్వు వంకరపోయింది. రెండోదీ అంతే. అత్తయ్య తన చేతివైపు చూసుకుంది, తర్వాత సీసా ఎత్తి వాసన చూసింది.

"కల్తీ! సీసా జిగురు కూడా కల్తీయే! కాగితం చూడు, గోడకేసిన సున్నంలా ఉంది. ఆ కొట్టాయన్ని రానీ! తీగ ఏదే?"

"నేను తీసుకున్నానత్తయ్యా, బట్టలారేసుకోడానికి" అన్నాను. "పూలకి తీగెందుకు? దండగ!"

అత్తయ్య చేతిలో పువ్వు బల్లమీద పడేసింది. "అయిపోయింది! ఇంటికి ఒకతె చాలదని రెండోది తయారైంది! మీ పిసినారి మొహాలు మండా!" అంటూ మూడో పువ్వు అందుకుంది. దీపాలు పెట్టేదాకా మమ్మల్ని తిడుతూనే ఉంది, చుడుతూనే ఉంది.

పని పోయింది. కొట్టాయన ఆ పూలు చూసి తల పట్టుకున్నాడు. అత్తయ్య కల్తీ సరుకని విరుచుకుపడితే సంచీ లాక్కుని, మీ గుమ్మం తొక్కనని ఒట్టేసి వెళ్లిపోయాడు. ఊళ్లోకెల్లా మంచి గులాబీ చేయగల మనిషి గోడకానుకుని ఆ మాటలన్నీ వింది. ఆ హోటల్ హాల్లో ఇప్పుడు ఎవరి పూలో ఉన్నాయి. అటువైపు వెళ్లినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆ మర్నాడు నేను కొత్త చీపురు తెచ్చి వదిన ముందు పెట్టాను. ఆమె ఒక పుల్ల లాగి, వంచి చూసి, అనుమానంగా తలెత్తింది.

"కొన్నావా?"

"లేదు వదినా. పక్కింటావిడది, పెరట్లో ఉంటే ఎత్తుకొచ్చాను."

ఇన్నేళ్ల కాపురంలో మా వదిన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.